రగ్బీ ప్రపంచకప్‌లో ఒక జట్టు అవకాశాలను అంచనా వేయడం ఎలా: ఐర్లాండ్ ఉదాహరణగా

2027 అక్టోబరు 1 నుంచి నవంబరు 13 వరకు ఆస్ట్రేలియాలో పురుషుల రగ్బీ ప్రపంచకప్ జరుగుతుంది. రగ్బీ అభిమానులు ఇద్దరు కలిస్తే చాలు, ఏ దేశానికి కప్పు అందే వీలుంది, ఏ కుర్రవాడు అప్పటికి ఎంతవాడవుతాడు అన్న మాట రాక తప్పదు. డబ్లిన్, ఆక్లాండ్, సిడ్నీ వంటి నగరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ, పిల్లలు బడిలో ఈ ఆట నేర్చుకుని రావడంతో, క్రికెట్‌తో పాటు ఈ చర్చకూ చోటు దొరుకుతోంది. అయితే ఈ చర్చలు ఎక్కువగా మొన్నటి మ్యాచ్ ఫలితం మీద, లేకపోతే ప్రపంచ ర్యాంకింగ్ మీద ఆధారపడి సాగుతాయి. ఈ రెండింటికంటే నమ్మదగిన ఆధారం మరొకటి ఉంది. ప్రతి స్థానంలో మొదటి ఆటగాడు గాయపడితే రంగంలోకి దిగే రెండో, మూడో ఆటగాళ్లు ఎవరు, వారు తమ ఇరవైల తొలి సంవత్సరాల్లో గట్టి ప్రత్యర్థుల మీద ఎంత ఆట ఆడారు అన్నదే ఆ ఆధారం. దీన్ని సేకరించడానికి ఒక నోటుపుస్తకం, వారానికి ఒక గంట సమయం, కొంచెం ఓపిక ఉంటే సరిపోతుంది. ఐర్లాండ్ జట్టును ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతిని వివరిస్తాను.

ముందుగా టోర్నమెంటు స్వరూపం

జట్ల సంఖ్య ఇదివరకటి 20 నుంచి 24కు పెరిగింది. నాలుగేసి జట్ల చొప్పున ఆరు గ్రూపులు ఉంటాయి. ప్రతి గ్రూపులో మొదటి రెండు జట్లు, మూడో స్థానంలో నిలిచిన వాటిలో మెరుగైన నాలుగు జట్లు కలిసి పదహారు జట్ల నాకౌట్ దశకు చేరతాయి. కప్పు గెలవాలంటే ఇదివరకటిలాగే మొత్తం ఏడు మ్యాచ్‌లు ఆడాలి గాని, ఇప్పుడు వాటిలో నాలుగు నాకౌట్ మ్యాచ్‌లు. వరుసగా నాలుగు వారాలు, ఓడితే ఇంటికి వెళ్లవలసిన మ్యాచ్‌లు ఆడే జట్టుకు పదిహేను మంది మేటి ఆటగాళ్లు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఐర్లాండ్ ఉన్న గ్రూపులో స్కాట్లాండ్, ఉరుగ్వే, పోర్చుగల్ ఉన్నాయి. 2019లోనూ 2023లోనూ స్కాట్లాండ్‌ను ఐర్లాండ్ గ్రూపు దశలోనే ఓడించింది కనుక, ఆ దశను దాటడం గురించి అభిమానులకు పెద్దగా బెంగ అక్కరలేదు. అసలు ప్రశ్న ఆ తర్వాతిదే. ఇప్పటిదాకా ఐర్లాండ్ ఎనిమిదిసార్లు క్వార్టర్ ఫైనల్ ఆడి ఎనిమిదిసార్లూ ఓడిపోయింది.

ఆ ఎనిమిదింటిలో 2015 నాటి ఓటమిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. కార్డిఫ్‌లో అర్జెంటీనాతో ఆడిన ఆ మ్యాచ్‌కు జానీ సెక్స్‌టన్, పాల్ ఓకానెల్, పీటర్ ఓమాహనీ గాయాలతో దూరమయ్యారు, షాన్ ఓబ్రియన్ నిషేధంతో దూరమయ్యాడు. ఐర్లాండ్ 20-43తో చిత్తుగా ఓడింది. దీనికి పూర్తిగా విరుద్ధమైన కథ 2011లో న్యూజిలాండ్‌ది. ఆ జట్టులో ఫ్లైహాఫ్‌లు (ఆటను నడిపించే పది నంబరు ఆటగాళ్లు) డాన్ కార్టర్, కాలిన్ స్లేడ్ ఒకరి తర్వాత ఒకరు గాయపడగా, నాలుగో ఫ్లైహాఫ్‌గా స్టీఫెన్ డొనాల్డ్‌ను పిలిపించారు. కబురు వచ్చేసరికి అతడు చేపలు పడుతున్నాడు. ఫ్రాన్స్‌ను 8-7తో ఓడించిన ఫైనల్‌లో మూడో ఫ్లైహాఫ్ ఆరన్ క్రూడెన్ కూడా గాయపడగా, బరిలోకి దిగి నిర్ణాయకమైన పెనాల్టీని గోలుగా మలచినవాడు అతడే. అవకాశాల గురించి మాట్లాడే ప్రతి అభిమానీ ఈ రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టుకుని ఆలోచించడం మంచిది.

పట్టిక తయారీ

నోటుపుస్తకంలో ఒక్కో స్థానానికి మూడు పేర్లు రాసుకునేలా గళ్లు గీయండి. ప్రతి పేరు పక్కన అయిదు వివరాలు ఉండాలి: 2027 అక్టోబరు 1 నాటికి ఉండబోయే వయసు, ఆడుతున్న క్లబ్, ఈ సీజన్‌లో మొదటి నిమిషం నుంచి ఆడిన మ్యాచ్‌లు, బెంచి మీద నుంచి వచ్చిన మ్యాచ్‌లు, ఆడగల రెండో స్థానం. అన్ని స్థానాలకూ ఒకే ప్రాముఖ్యం ఇవ్వనవసరం లేదు. బంతితో పరుగెత్తే వింగ్‌లోనూ సెంటర్‌లోనూ ఒకరి స్థానంలో మరొకరు సర్దుకోగలరు. ముందువరుసలోని ముగ్గురికి, అంటే ఇద్దరు ప్రాప్‌లకూ హుకర్‌కూ, ఆ వెసులుబాటు లేదు. స్క్రమ్‌లో (రెండు జట్ల ఎనిమిదేసి మంది బంతి కోసం ఒకరినొకరు నెట్టుకునే ఘట్టంలో) ఆ స్థానాలకు తగిన శిక్షణ ఉన్నవారే నిలబడాలని నిబంధన ఉంది కనుకనే, మ్యాచ్‌కు ఎంపికయ్యే 23 మందిలో ముందువరుస ఆటగాళ్లు కనీసం ఆరుగురు ఉంటారు. వీరితో పాటు స్క్రమ్ నుంచి బంతిని అందించే స్క్రమ్‌హాఫ్, ఫ్లైహాఫ్ గళ్లను శ్రద్ధగా నింపండి. మిగతావాటిని తీరిక దొరికినప్పుడు నింపుకోవచ్చు.

వయసు గడిని నింపగానే ఐర్లాండ్ పరిస్థితి చాలావరకు కళ్లకు కడుతుంది. టోర్నమెంటు మొదలయ్యే నాటికి టైట్‌హెడ్ ప్రాప్ (ముందువరుసలో కుడివైపు నిలిచేవాడు) టాడ్గ్ ఫర్లాంగ్‌కు 34 ఏళ్లు ఉంటాయి. ఫైనల్ ముగిసిన మర్నాడే అతడికి 35 నిండుతాయి. స్క్రమ్‌లో ముందువరుసకు వెనుక ఉండే లాక్, ఫ్లాంకర్ స్థానాల్లో ఆడే టాడ్గ్ బర్న్, స్క్రమ్‌హాఫ్ జేమిసన్ గిబ్సన్-పార్క్, వింగర్ జేమ్స్ లో ముగ్గురికీ 35, సెంటర్ బండీ ఆకీకి 37 ఉంటాయి. మరోవైపు హుకర్ డాన్ షీహన్‌కూ, స్క్రమ్ చివర నిలిచే నంబర్ ఎయిట్ కేలన్ డోరిస్‌కూ 29, ఫ్లైహాఫ్ జాక్ క్రౌలీకి 27, లాక్ జో మెకార్తీకి 26, మరో ఫ్లైహాఫ్ శామ్ ప్రెండర్‌గాస్ట్‌కు 24 ఉంటాయి. వయసు పైబడినంత మాత్రాన ఎవరి పేరునూ కొట్టేయకండి. 2023లో సెక్స్‌టన్ 38 ఏళ్ల వయసులో ఐర్లాండ్‌కు సారథ్యం వహించాడు. కానీ 33 దాటిన ప్రతి పేరు కింద ఉండే రెండో గడిని ఎర్ర సిరాతో చుట్టండి. ఆ పేరు ఎవరిదో వెంటనే చెప్పలేకపోతే, ఆ జట్టు బలహీనత అక్కడే ఉందని గ్రహించాలి.

ఈ పట్టికలో వయసుతో పాటు అర్హత నిబంధనను కూడా దృష్టిలో పెట్టుకోవాలి. ఆకీ, లో, గిబ్సన్-పార్క్ ముగ్గురూ న్యూజిలాండ్‌లో పుట్టి, ఐర్లాండ్‌లో మూడేళ్లు నివసించి జాతీయ జట్టుకు అర్హులైనవారు. ఇప్పుడు ఆ గడువు అయిదేళ్లు. ఇరవై నాలుగేళ్ల ఆటగాణ్ని ఇవాళ తెచ్చుకుంటే అతడు అర్హుడయ్యేసరికి ఇరవై తొమ్మిదేళ్లవాడవుతాడు. కాబట్టి ఆ ముగ్గురి వారసులను బయటి నుంచి త్వరగా తెచ్చుకునే దారి దాదాపు మూసుకుపోయింది. పాఠశాలల్లోనూ ప్రావిన్సుల అకాడమీల్లోనూ ఇప్పటికే ఉన్న కుర్రవాళ్లతోనే ఆ స్థానాలు నిండాలి. యువ ఆటగాళ్ల ఎదుగుదలను ఇంతకుముందుకంటే నిశితంగా గమనించవలసిన అవసరం ఐర్లాండ్ విషయంలో అందుకే ఏర్పడింది.

అండర్-20 ఆటను ఎలా చూడాలి

ఏటా జరిగే అండర్-20 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను తప్పకుండా చూడండి. అయితే ఎవరు గెలిచారన్న దానికి తక్కువ విలువ ఇవ్వండి. అంబటి రాయుడు 2004 అండర్-19 క్రికెట్ ప్రపంచకప్‌లో భారత జట్టుకు సారథిగా ఉన్నాడు, సీనియర్ జట్టులో అడుగుపెట్టింది మాత్రం 2013లో. రగ్బీలోనూ ఆ వయసు వెలుగుకూ తర్వాతి జీవితానికీ మధ్య దూరం అలాగే ఉంటుంది. 2014 అండర్-20 ఫైనల్‌లో దక్షిణాఫ్రికా 20-21తో ఇంగ్లాండ్ చేతిలో ఓడింది. ఓడిన ఆ జట్టు ఫ్లైహాఫ్ హాండ్రే పొలార్డ్ తర్వాత రెండు ప్రపంచకప్‌లు గెలిచాడు. 2016 ఫైనల్‌లో 21-45తో ఓడిన ఐర్లాండ్ జట్టుకు కెప్టెన్ జేమ్స్ రయన్. మరుసటి ఏడాదే, తన ప్రావిన్సు లెయిన్‌స్టర్ సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, అతడు దేశానికి ఆడాడు. 2023లో ఫ్రాన్స్ 50-14తో ఐర్లాండ్‌ను ఓడించినప్పుడు ఓడిన పక్షాన పది నంబరు చొక్కా ప్రెండర్‌గాస్ట్‌ది. కప్పుల లెక్కతోనే ఆగిపోతే ఈ ముగ్గురూ మన కంట పడకుండా పోయేవారు.

మరి ఏం చూడాలి? ఫ్లైహాఫ్ అయితే, తన జట్టు ఫార్వర్డ్‌లు (స్క్రమ్‌లో నిలిచే ఎనిమిది మంది) వెనక్కి నెట్టబడుతున్నప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి. బంతి హాయిగా, వేగంగా చేతికి వచ్చినప్పుడు ప్రతి ఫ్లైహాఫ్ గొప్పవాడుగానే కనిపిస్తాడు. బంతి ఆలస్యంగా వచ్చి, ఎదుటి ఫ్లాంకర్ మీద పడబోతున్న క్షణంలో అతడు ఎక్కడ నిలబడ్డాడు, తన్నాడా, పక్కవాడికి అందించాడా, లేక బంతితో సహా దొరికిపోయాడా అన్నదే సీనియర్ ఆటలో అతడి భవిష్యత్తును సూచిస్తుంది. లాక్, ఫ్లాంకర్ అయితే అరవయ్యో నిమిషం తర్వాత ఒక ట్యాకిల్ చేసి (బంతి ఉన్నవాణ్ని పట్టి పడగొట్టి) నేల నుంచి ఎంత త్వరగా లేస్తున్నాడో గమనించండి. కెమెరా బంతి వెంటే పోతుంది గనుక ఇది చూడడం కొంచెం కష్టం. ఒక్క ఆటగాణ్ని ఎంచుకుని, పది నిమిషాలపాటు బంతిని వదిలేసి అతడినే చూస్తే తెలుస్తుంది. వింగ్, సెంటర్ వంటి స్థానాల్లో ఆడేవారి వేగానికీ, వారు చేసిన ట్రైలకూ (గీత దాటి బంతిని నేలకు తాకించి సాధించే స్కోర్లకూ) అతిగా మురిసిపోకండి. ఆ వయసులో కొందరు శారీరకంగా ముందుగా ఎదిగిపోయి ఉంటారు, ఆ తేడా రెండు మూడేళ్లలో సమసిపోతుంది.

ప్రాప్‌ల విషయంలో అందరికంటే ఎక్కువ ఓపిక కావాలి. 19 ఏళ్లలోపు వారి ఆటలో స్క్రమ్‌ను మీటరున్నరకు మించి నెట్టకూడదన్న నిబంధన ఉంది. మెడకూ వెన్నుకూ ప్రమాదం రాకుండా పెట్టిన మంచి నిబంధన అది. దాని ఫలితంగా పూర్తి బలంతో సాగే స్క్రమ్ ఎలా ఉంటుందో ఒక ప్రాప్‌కు తెలిసేసరికి అతడికి పంతొమ్మిదీ ఇరవై ఏళ్లు వస్తాయి. అక్కడి నుంచి అసలు చదువు మొదలవుతుంది. ముఖ్యంగా టైట్‌హెడ్ ప్రాప్ మీద ఎదుటి హుకర్, లూజ్‌హెడ్ (ఎడమవైపు ప్రాప్) ఇద్దరి బరువూ పడుతుంది. ఆ ఒత్తిడిని మోస్తూ, పాదాలను సరిచేసుకుంటూ, రెఫరీకి నిటారుగా కనిపించే నేర్పు ఏళ్ల తరబడి దెబ్బలు తింటేగాని రాదు. ఆండ్రూ పోర్టర్ అండర్-20లో లూజ్‌హెడ్‌గా ఆడి, తర్వాత టైట్‌హెడ్‌కు మారి, 2021లో మళ్లీ లూజ్‌హెడ్‌కు వచ్చాడు. ఇంగ్లాండ్ 2024 అండర్-20 విజేత జట్టులోని ప్రాప్ ఆషర్ ఒపోకు-ఫోర్డ్‌జౌర్ అదే ఏడాది సీనియర్ జట్టుకు ఆడాడు, అలాంటివారు అరుదు. ఇరవై ఒక్కేళ్ల ప్రాప్ ఒక మ్యాచ్‌లో ఇబ్బంది పడితే పేరు కొట్టేయకండి, పక్కన తేదీ వేసి ఏడాది తర్వాత మళ్లీ చూడండి.

ఆట దొరుకుతోందా?

ఈ మొత్తం పద్ధతిలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చే అంశం ఇది. ఐర్లాండ్‌లో వృత్తి స్థాయి జట్లు ప్రావిన్సుకు ఒకటి చొప్పున నాలుగే: లెయిన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కొనాక్ట్. ముఖ్యమైన ఆటగాళ్లకు దేశ సంఘమే నేరుగా ఒప్పందాలు ఇస్తుంది, వారి విశ్రాంతిని, మ్యాచ్‌ల సంఖ్యను నియంత్రిస్తుంది. ఈ క్రమశిక్షణ వల్లే చిన్న దేశమైనా ఐర్లాండ్ 2018లోనూ 2023లోనూ గ్రాండ్‌స్లామ్ (ఐరోపాలోని ఆరు దేశాల వార్షిక పోటీ సిక్స్ నేషన్స్‌లో అన్ని మ్యాచ్‌ల గెలుపు) సాధించింది, 2022లో న్యూజిలాండ్‌ను దాని గడ్డ మీదే సిరీస్‌లో ఓడించింది. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. లెయిన్‌స్టర్ పాఠశాలల నుంచి వచ్చే ప్రతిభ అంతా ఒకే జట్టు గుమ్మం ముందు పోగవుతుంది. దేశంలో నాలుగో మేటి అయిన కుర్రవాడు తన ప్రావిన్సులోనే మూడోవాడై, పెద్ద మ్యాచ్‌లన్నిటినీ చొక్కా మీద కోటు వేసుకుని చూస్తూ కూర్చోవలసి వస్తుంది.

టాడ్గ్ బర్న్ జీవితం దీనికి మంచి పాఠం. లెయిన్‌స్టర్ అతడిని 2016లో వదులుకుంది. అతడు వేల్స్‌లోని స్కార్లెట్స్ జట్టుకు వెళ్లాడు, మరుసటి ఏడాదే ఆ జట్టు లీగ్ గెలిచింది. 2018లో మన్‌స్టర్ అతడిని ఐర్లాండ్‌కు తిరిగి తెచ్చుకుంది, అదే ఏడాది జాతీయ జట్టులోకి వచ్చాడు, 2025 బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ (బ్రిటన్, ఐర్లాండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టు) పర్యటనలో సిరీస్ ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. ప్రతిభ మొదటి నుంచీ ఉన్నదే, దానికి కావలసినంత ఆట దొరికింది మాత్రం ప్రావిన్సు వదిలాకనే. కాబట్టి ఒక యువ ఆటగాడు చిన్న జట్టుకు మారాడని వార్త వచ్చినప్పుడు దాన్ని దిగజారడంగా చూడవద్దు. పట్టికలో అతడి పేరు పక్కన పైకి చూపే బాణం గుర్తు వేసి, ఆరు నెలల తర్వాత ఆడిన మ్యాచ్‌లు లెక్కపెట్టండి.

నిమిషాలన్నీ ఒకే తూకానివి కావని కూడా గుర్తుంచుకోవాలి. ఛాంపియన్స్ కప్ (ఐరోపా క్లబ్‌ల మేటి పోటీ) నాకౌట్‌లో పరాయి మైదానంలో ఆడిన ఎనభై నిమిషాలకు రెండు చుక్కలు పెట్టండి. అంతర్జాతీయ ఆటగాళ్లు లేని వారాల్లో సొంత మైదానంలో దొరికిన సులువైన గెలుపుకు అర చుక్క చాలు. క్రౌలీ, ప్రెండర్‌గాస్ట్‌లలో ఎవరు మేలన్న వాదంలో ఈ చుక్కలు ఎంతో ఉపయోగపడతాయి. క్రౌలీ 2023లో డబ్లిన్‌లో లెయిన్‌స్టర్ మీద జరిగిన యునైటెడ్ రగ్బీ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్ ఆఖరి నిమిషాల్లో డ్రాప్ గోలుతో (ఆట మధ్యలో బంతిని నేలకు తాకించి తన్నే గోలుతో) మన్‌స్టర్‌ను 16-15తో గెలిపించాడు, ఆ తర్వాత కేప్‌టౌన్‌లో ఫైనల్ ఆడి కప్పు గెలిచాడు, 2024లో సిక్స్ నేషన్స్ గెలిచిన జాతీయ జట్టుకు పది నంబరు ఆటగాడయ్యాడు. ప్రెండర్‌గాస్ట్ పాస్ చేసే చేయి అందమైనది, బంతిని తన్నే తీరులో అతడికి ఉన్న సహజత్వం అరుదైనది. నా అభిప్రాయం అడిగితే, 2027కు ఇద్దరూ కావాలి. ఇద్దరిలో ఎవరిది పైచేయి అన్నదానికంటే, ఇద్దరికీ ఒత్తిడి గల మ్యాచ్‌లు తగినన్ని దొరుకుతున్నాయా, మూడో ఫ్లైహాఫ్ ఎవరు అన్నవే ఐర్లాండ్ భవితవ్యాన్ని నిర్ణయించే ప్రశ్నలని నేను నమ్ముతున్నాను.

ఇతర దేశాలకూ ఇదే ప్రశ్న వేసి చూడవచ్చు. ఫిజీలో ప్రతిభకు ఎన్నడూ లోటు లేదు, కొదవల్లా దేశంలోనే ఉండి వారం వారం గట్టి మ్యాచ్‌లు ఆడే జట్టుదే. 2022లో ఆ కొదవ తీర్చేలా ఫిజియన్ డ్రువా జట్టు న్యూజిలాండ్, ఆస్ట్రేలియా జట్లు ఆడే సూపర్ రగ్బీ లీగ్‌లో చేరింది. 2023లో ఫిజీ ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లాండ్‌నూ, ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియానూ ఓడించి క్వార్టర్ ఫైనల్ చేరింది. ఫ్రాన్స్‌లో క్లబ్‌లు స్వదేశంలో శిక్షణ పొందిన ఆటగాళ్లను తగినంత మందిని ఆడించాలన్న నియమం వచ్చాకనే 2018, 2019, 2023లలో అండర్-20 కప్పులు వచ్చాయి.

ర్యాంకింగ్‌కు ఎంత విలువ ఇవ్వాలి

ర్యాంకింగ్ లెక్క తెలిస్తే దాని హద్దులూ తెలుస్తాయి. సొంత దేశంలో ఆడే జట్టుకు లెక్క కోసం మూడు పాయింట్లు కలుపుతారు. 83 పాయింట్ల జట్టు తన మైదానంలో 86 పాయింట్ల జట్టుతో ఆడితే ఇద్దరినీ సమానులుగా పరిగణిస్తారు, గెలిచినవారికి ఒక పాయింటు పెరిగి ఓడినవారికి ఒక పాయింటు తగ్గుతుంది. స్కోరులో తేడా పదిహేనుకు మించిన విజయమైతే మార్పు ఒకటిన్నర రెట్లు, ప్రపంచకప్ మ్యాచ్ అయితే రెట్టింపు. ఈ లెక్కలో మొదటి వరుస ఆటగాళ్లు ఆడారా, రెండో వరుస వారు ఆడారా అన్న విచక్షణ లేదు. 2023లో మొదటి ర్యాంకుతో వెళ్లిన ఐర్లాండ్ క్వార్టర్ ఫైనల్‌లో 24-28తో న్యూజిలాండ్ చేతిలో ఓడింది. సెవెన్స్ (ఏడుగురి రగ్బీ) ఫలితాలను అసలే ఈ లెక్కలోకి తీసుకోవద్దు. హైదరాబాద్ హీరోస్ ఆడే రగ్బీ ప్రీమియర్ లీగ్ కూడా ఏడుగురి ఆటే. అది చూసి ఆటపై ఇష్టం పెంచుకున్నవారు పదిహేను మంది ఆటకు వచ్చేటప్పుడు స్క్రమ్, లైనౌట్‌లను (పక్క గీత దాటిన బంతిని తిరిగి ఆటలోకి విసిరే ఘట్టాలను) కొత్తగా నేర్చుకోవలసి ఉంటుంది.

పట్టికను ఎప్పుడు సరిదిద్దాలి

2026లో మొదలయ్యే నేషన్స్ ఛాంపియన్‌షిప్ అనే దేశాల మధ్య పోటీ జూలై, నవంబరు మ్యాచ్‌ల తర్వాత ఒకసారి, 2027 సిక్స్ నేషన్స్ తర్వాత మరోసారి పట్టికను సరిచూడండి. ప్రతిసారీ ముందుగా చూడవలసింది స్క్రమ్. 2025 నవంబరులో డబ్లిన్‌లో దక్షిణాఫ్రికా ఐర్లాండ్‌ను 24-13తో ఓడించిన మ్యాచ్‌లో ఐర్లాండ్ స్క్రమ్ పదేపదే చెదిరింది, లూజ్‌హెడ్‌లు పోర్టర్, పాడీ మెకార్తీ ఇద్దరూ పసుపు కార్డులు చూసి పదేసి నిమిషాలు బయట కూర్చున్నారు. మొదటి ఆటగాడూ, అతడి స్థానంలో వచ్చినవాడూ ఒకే మ్యాచ్‌లో ఒకే తీరుగా తలవంచితే, పట్టికలో ఆ నిలువు వరుస మొత్తాన్నీ మళ్లీ పరిశీలించాలి.

చివరి జట్టును ప్రకటించిన రోజున మీ పట్టికతో పోల్చి చూడండి. 2023లో ఒక్కో దేశానికి 33 మందిని ఎంచుకునే వీలుండేది. ఆ ఏడాది దక్షిణాఫ్రికా హుకర్ మాల్కమ్ మార్క్స్ గాయపడితే, అతడి స్థానంలో ఆ జట్టు మరో హుకర్‌ను కాకుండా ఫ్లైహాఫ్ పొలార్డ్‌ను పిలిచింది. ఫైనల్ మొదలైన కొద్ది నిమిషాలకే మిగిలిన హుకర్ బాంగి ఎంబొనాంబి గాయంతో బయటికి వెళ్లగా, 37 ఏళ్ల డియాన్ ఫోరీ దాదాపు మ్యాచ్ అంతా ఆ స్థానంలో ఆడాడు, లైనౌట్‌లో ఆ జట్టు తడబడింది. అయినా పొలార్డ్ కొట్టిన నాలుగు పెనాల్టీలతో 12-11గా కప్పు నిలుపుకుంది. హుకర్ గడిలో ఎంత సాహసం చేశారో, ఫ్లైహాఫ్ గడిలో దానికి ఎంత ప్రతిఫలం దక్కిందో ఆ ఒక్క స్కోరులోనే కనిపిస్తుంది. ఐర్లాండ్ జట్టు ప్రకటన వచ్చినప్పుడు టైట్‌హెడ్, హుకర్, ఫ్లైహాఫ్ గళ్లలో మూడో పేరు ఎవరిదో ముందు చూడండి. ఆ ముగ్గురి పక్కన రెండు చుక్కల మ్యాచ్‌లు మూడు నాలుగైనా ఉంటే, క్వార్టర్ ఫైనల్ దాటే అవకాశం ఈసారి గట్టిగానే ఉందని మిత్రులతో ధైర్యంగా చెప్పవచ్చు.